ఆరోగ్య విషయములు: కుష్ఠువ్యాధియు, శరీరపు పోరును

కుష్ఠువను మాట చెవిని బడగానే రోగి కంచమును, చెంబును వేరుచేయు నిండ్లు నేటికిని గలవు. ఈ వ్యాధిని గలిగించు క్రిమిని 1873వ సంవత్సరమున నార్వే దేశీయుడగు హాన్సెను అను వైద్యుడు కనుగొనెను. అది మిక్కిలి మందకొడి. ఒకటి రెండగుటకు ఇంచుమించు రెండు వారములు పట్టును. నూటికి 95 మందికి పైగా మనుష్యుల శరీరములు దానిని స్వభావముచేతనే యణచివేయును.

మిగిలిన కొద్దిమందిలోను వ్యాధి యొక్కరీతిగా నుండదు. క్రిమి యొక్కటే, భేదము శరీరముదే. రక్తమునందలి తెల్లకణములు క్రిమిని గుర్తెరిగి దానిచుట్టును కోటవలె మూగును. ఈ శక్తి బలముగా నున్నవారికి స్పర్శలేని మచ్చలు కొద్దిగా మాత్రమే యేర్పడును. వానిలో క్రిములు కనబడుటయే యరుదు. ఆ శక్తి నిద్రించినవారికి మచ్చలు పెక్కులై, చర్మము దళసరియై, క్రిములు కోట్లకొలది పెరుగును. చిత్రమేమన, అట్టివారి శరీరము తక్కిన రోగములతో చక్కగనే పోరాడును. వారి రక్తములో విరుగుడు పదార్థములును సమృద్ధిగా బుట్టును గాని, క్రిమి కణముల లోపల దాగియుండుటచే నవి నిరర్థకములు.

అట్లని పోరాటమంతయు మేలే యనుకొనరాదు. నరపుపోగులను చుట్టియుండు కణములలో నీ క్రిమి కాపురముండును. దానిని వెడలగొట్టబోయి తెల్లకణములు నరమునే వాపించి చెరచును; ఎలుకమీది కోపముతో నింటికి నిప్పుపెట్టినట్లు! వ్రేళ్లు వంగుట, పొయ్యిమీది గిన్నె పట్టుకొన్నను కాలినది తెలియకుండుట చాలవరకు దీని ఫలమే.

స్త్రీలు ముఖ్యముగా నెరుగవలసిన దొకటి కలదు. గర్భిణికి ఈ శక్తి కొంత యణగియుండి, ప్రసవానంతరము మరల మేల్కొనును. అప్పుడు పాతమచ్చలు ఎర్రబడి యుబ్బుట, మోచేతియొద్ద నరము నొప్పిపెట్టుట, చేయి పట్టు దప్పుట సంభవింపవచ్చును. మందు వేడిచేసినదని యింటి పెద్దలు బాలింతచేత మాత్రలు మాన్పింతురు. ఎంతమాత్రమును మానరాదు! వెంటనే వైద్యునికి జూపినచో, వాపు తగ్గించు మందులతో నరమును గాపాడవచ్చును. వారములు గడచినచో బోయిన బలము మరల రాకపోవచ్చును.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన చికిత్సలో పలుమందులను గలిపి యిత్తురు. మన ప్రభుత్వ వైద్యశాలలలో నిది యుచితము. మందు మొదలిడిన కొలది దినములకే రోగివలన నితరులకు వ్యాధి సోకదు. కుష్ఠును విడాకులకు గారణముగా జూపు నిబంధనను సైతము 2019లో మన వివాహచట్టముల నుండి తొలగించిరి.