ఎర్రగడ్డ ఓడ ఎక్కే దారి కోసం వినతిపత్రం

రాష్ట్ర వ్యవసాయ, మార్కెటింగ్ శాఖ మంత్రివర్యులకు, రైల్వే ఉన్నతాధికారులకు, కర్నూలు, కడప జిల్లాల ఎర్రగడ్డ (ఉల్లి) రైతులు, హమాలీలు సమర్పించుకొను విన్నపం.

విషయం: లారీ, రైలు, ఓడ కలిసే చోట సరుకు చెడిపోకుండా ఏర్పాట్లు కోరుతూ.

అయ్యా,

మేము కొత్త రోడ్డు అడగడానికి రాలేదు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం 2016లో పూర్తయ్యాక, కర్నూలు సరుకు డోన్, నంద్యాల, కడప మీదుగా చెన్నై రేవుకు చేరేందుకు పట్టాలున్నాయి. లారీలో నుంచి దించి రైలుకెక్కించే చోట మాత్రం నీడ లేదు, గాలి ఆడదు. వానొస్తే పట్ట కప్పాలి. పట్ట కప్పితే గడ్డ ఉడికిపోతుంది.

మైదుకూరు వైపు పండే కృష్ణాపురం గడ్డను మన ఇళ్లలో పెద్దగా వాడరు. మలేషియా, సింగపూర్, శ్రీలంక లాంటి దేశాల్లోనే దానికి గిరాకీ. ఓడ తప్పిపోతే ఇక్కడ అడిగే నాథుడు ఉండడు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతి నిషేధించి, అక్టోబరులో ఈ గడ్డకు చెన్నై రేవు నుంచి 10,000 టన్నుల దాకా అనుమతిచ్చింది. సంతోషమే. కానీ కాగితం వచ్చేదాకా గడ్డ కాచుకోదు.

అరటికి జరిగింది చూడండి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి రైలెక్కి ముంబై నవసేవ రేవుకు పోయింది. ఒకసారి మూసిన కంటైనర్ రేవు దాకా తెరవలేదు. మా గోతాలను మాత్రం కళ్లంలో, యార్డులో, రేవు గోదాములో ఎత్తి పడేస్తూనే ఉంటారు. ఎత్తిన ప్రతిసారీ హమాలీ కూలి మాది, నలిగిన గడ్డా మాదే.

ఎర్రగుంట్లలో, కర్నూలులో గాలాడే షెడ్డు కట్టించండి. పది మంది చిన్న రైతుల సరుకు కలిపి ఒక కంటైనర్ నింపే వీలు కల్పించండి. తెగుళ్ల తనిఖీ పత్రం లోడింగ్ చోటే ఇప్పించండి. కిసాన్ రైలు రోజుల్లో కూరగాయలకు ఇచ్చిన సగం బాడుగ రాయితీని తిరిగి తెండి. 2025లో ధర పడినప్పుడు హెక్టారుకు 50,000 రూపాయలు ప్రకటించారు, అందుకు కృతజ్ఞులం. అయితే ఆ డబ్బులో కొంత ముందే షెడ్లకు పెట్టి ఉంటే, యార్డులో కుప్పలు తగ్గేవని మా నమ్మకం.

కర్నూలు–కడప కాలువను 19వ శతాబ్దంలో తవ్వించినవారు సాగునీటితో పాటు పడవల రవాణాకూ లెక్క వేసుకున్నారు. మేము పడవలు అడగడం లేదు, పంటతో పాటు దాని రవాణాకూ అలాగే లెక్క వేయమంటున్నాం. వచ్చే కోతకు ముందు షెడ్లకు స్థలం చూపించి, మమ్మల్ని ఒకసారి మాటకు పిలవగలరు.

ఇట్లు,
సంతకాలు, వేలిముద్రలు జతపరిచిన రైతులు, హమాలీలు