ఛాయ అంటే నీడేనా?

తెలుగులో ‘ఛాయ’ అన్న మాటకు నీడ అని ఒక అర్థం, రంగు అని ఇంకొకటి. చెట్టుకింద పడేదీ ఛాయే, పెళ్లిచూపులనాడు పెద్దలు ఆరా తీసే చామనఛాయా ఛాయే. ఈ రెండర్థాలకూ చుట్టరికమేమిటని విద్యార్థులు అడిగితే, నేను నిఘంటువు తియ్యను. ఒక బొమ్మ చూపిస్తాను.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాద్ మొనే 1875లో వేసిన బొమ్మ అది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్నది. గడ్డిగట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడినావిడ ఆయన భార్య కమీల్. వెనకాల టోపీ పెట్టుకొన్న కుర్రవాడు వాళ్లబ్బాయి. గాలికి మేలిముసుగు ఎగురుతోంది. ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు, ఆవిడ మనవైపు చూస్తోంది.

సూర్యుడు ఆవిడ వెనక ఉన్నాడు గనుక మనకు కనిపించేదంతా నీడ వైపే. తెల్లబట్ట మీద నీడ బూడిదరంగులో ఉంటుందని మనం అనుకొంటాము. మొనే చూసి మరీ వేశాడు: గౌను మడతలలో ఆకాశపు నీలం, చేతి దగ్గర గడ్డిపూల పసుపు, గొడుగు లోపల ఆకుపచ్చ. నీడలో ఉన్నదీ వెలుతురే. కాకపోతే పక్కవాటి మీద పడి, వాటి రంగు పూసుకొని వచ్చిన వెలుతురు. నమ్మకం కుదరకపోతే, రేపు మధ్యాహ్నం డాబా మీద ఆరేసిన తెల్లపంచె మడతలలోకి చూడండి.

1879లో కమీల్ 32వ ఏట పోయింది. చనిపోయిన ఆవిడ ముఖాన్ని కూడా మొనే చిత్రించాడు. ఎన్నో ఏళ్లకు, ఫ్రాన్సు ప్రధానిగా చేసిన మిత్రుడు క్లెమెన్సోతో ఆ సంగతి చెప్పుకొన్నాడు. ప్రాణప్రదమైన మనిషి శవం పక్కన ఉండి కూడా, తన కన్ను ఆ ముఖంలో మారే నీలాన్నీ, పసుపునూ, బూడిదరంగునూ దానంతటది పోల్చుకొంటూ పోయిందట. గానుగెద్దు బ్రతుకైపోయిన తన మీద జాలి చూపమన్నాడు. 1928లో క్లెమెన్సో తన పుస్తకంలో దీన్ని వ్రాశాడు.

“ఎంత రాతిగుండె!” అంటారు మా ఆడపిల్లలు. అప్పుడు వాళ్లకు 1886 నాటి మరి రెండు బొమ్మలు చూపిస్తాను. అదే గొడుగు, అదే గాలి, అలాటి గట్టే. నిలబడినది మాత్రం, మొనే తరువాత పెళ్లాడిన ఆలిస్ గారి కూతురు సుజాన్. గడ్డి, మబ్బులు, గౌను అన్నీ వెలుగుతున్నాయి. ముఖానికి మాత్రం కనుముక్కు తీరు దాదాపు లేదు. అన్ని రంగులూ పట్టుకోగల ఆ చెయ్యి, ఆ ఒక్కచోట ఇంకొకరి ముఖం దిద్దడానికి ఒప్పుకోలేదని నా ఊహ. ఆ మాట చెప్పాక తరగతిలో రాతిగుండె ప్రసక్తి మళ్లీ రాదు.