స్థాపించినదెవరు? ఒక ఆంగ్ల క్రియాపదమును గురించి

కళాశాలల గోడపత్రికలలోనూ, ఆహ్వానపత్రికలలోనూ, విద్యార్థులు వ్రాసే ఆంగ్ల వ్యాసాలలోనూ తరచుగా కనిపించే వాక్యం ఒకటి కలదు: ‘ఉస్మానియా యూనివర్శిటీ వాజ్ ఫౌండ్ ఇన్ 1918.’ ఆ విశ్వవిద్యాలయం 1918లో స్థాపింపబడినదని చెప్పుట వ్రాసినవారి ఉద్దేశం. ఆ వాక్యం చెప్పేది మాత్రం వేరు. ఎక్కడో తప్పిపోయిన విశ్వవిద్యాలయం ఆ ఏట దొరికినదని దాని అర్థం. తెలుగు బోధించే మాకు ఆంగ్ల వ్యాకరణంతో పని యేమని కొందరు అడుగవచ్చును. మాటకు అర్థం తప్పినచోట ఏ భాషోపాధ్యాయుడూ ఊరకుండరాదని మా సమాధానం. పైగా ఈ క్రియాపదంతో మనవంటి అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు వ్యాకరణానికి మించిన సంబంధం కలదు.

ముందు వ్యాకరణం సంగతి చూతము. ‘ఫైండ్’ అనగా కనుగొనుట. దాని భూతకాల రూపం ‘ఫౌండ్’. ఇది జర్మానిక్ భాషల నుండి ఇంగ్లీషుకు వారసత్వంగా వచ్చిన మాట. పునాది వేయుట, స్థాపించుట అనే అర్థం గల ‘ఫౌండ్’ మరొక క్రియ. ఇది అడుగుభాగమనే అర్థం గల లాటిన్ పదం నుండి ఫ్రెంచి ద్వారా వచ్చినది. దీని భూతకాల రూపం ‘ఫౌండెడ్’. ఒకదాని భూతకాల రూపమూ మరొకదాని మూలరూపమూ ఒక్కతీరుగా ఉండుట వలననే ఈ చిక్కంతయు. ‘ఫౌండేషన్’ అనే మాట మన ఊరి మేస్త్రీలకు సైతం తెలిసినదే. ఆ ఫౌండేషన్ వేసినవాడు ఫౌండర్, అతడు చేసిన పని ‘ఫౌండెడ్’ అని గుర్తుంచుకొన్నచో చాలును.

తెలుగులో ఈ పొరపాటుకు తావు లేదు. కనుగొనుట వేరు, నెలకొల్పుట వేరు. ఉర్దూలోనూ ‘పానా’ వేరు, ‘బునియాద్ రఖ్నా’ వేరు. స్థాపించినవాడు ‘బానీ’. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన విద్యార్థులు మొదట ఈ రెండింటిలో ఆలోచించుకొని తరువాత ఆంగ్లం వ్రాసినచో తప్పు దొర్లదు. మన పాలమూరు గడ్డ నుండియే చక్కని ఉదాహరణ చెప్పవచ్చును. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. ఇది ‘ఫౌండెడ్’. తెలంగాణలో కవులు లేరన్న నిందకు బదులుగా వారే 1934లో 354 మంది కవులను వెదకి పట్టి గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఇది ‘ఫౌండ్’. పత్రికను వారు సృష్టించినారు. కవులు అప్పటికే ఉన్నారు, వారిని లోకానికి చూపినారు.

‘ఎస్టాబ్లిష్’ అను క్రియలోనూ ఒక జాగ్రత్త అవసరం. దుకాణపు పలకల మీద ‘ఎస్టాబ్లిష్డ్ సిన్స్’ అని ఏడాది వేయుట చూచుచున్నాము. స్థాపన ఒక్కసారి జరిగే పని గనుక అక్కడ ‘ఇన్’ అనవలెను. నాటి నుండి నేటి వరకు సాగేది వ్యాపారమే గాని స్థాపన కాదు.

స్థాపన ఒక్కసారియే అన్న మాటకు మన కృష్ణాతీరమే సాక్ష్యం. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో తిరిగి నిలిపినారు. మన కొల్లాపూర్ సమీపాన సోమశిల ఆలయాలకూ చోటు మారినది. ఆ పని చేసినవారు ధన్యులు. అయినను వారిని ఆలయ స్థాపకులని ఎవరూ అనరు. కట్టడం కొత్త చోటికి వచ్చినది. స్థాపించినవారు మాత్రం మారలేదు.

ఇటువంటి ప్రశ్నయే దేశపు అత్యున్నత న్యాయస్థానం ముందుకు వచ్చినది. మన రాజ్యాంగపు 30వ అధికరణం మతపరంగా గాని భాషాపరంగా గాని అల్పసంఖ్యాకులైనవారికి తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చినది. తమిళనాడులోని తెలుగువారికి కూడ ఈ హక్కు కలదు. ఆంగ్లమూలంలో ఉన్న క్రియలు రెండు: ‘ఎస్టాబ్లిష్’, ‘అడ్మినిస్టర్’. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో పాఠశాల ప్రారంభించిరి. 1877లో అది కళాశాల అయినది. 1920లో ఒక చట్టం ద్వారా విశ్వవిద్యాలయమైనది. మరి దానిని స్థాపించినదెవరు? 1967లో అజీజ్ బాషా వ్యాజ్యంలో ఐదుగురు న్యాయమూర్తులు అది చట్టం ద్వారా ఏర్పడినది గనుక ముస్లింలు స్థాపించినది కాదనిరి. 1981లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, దాని శీర్షిక నుండి ‘ఎస్టాబ్లిష్ అండ్’ అను మాటలను తొలగించినది. 2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురు–ముగ్గురు తేడాతో 1967 నాటి తీర్పును పక్కన పెట్టినది. చట్టం రూపమిచ్చినంత మాత్రాన స్థాపకులు మారరనియు, ఆలోచన ఎవరిది, ప్రయోజనం ఎవరికొరకు, ధనము, భూమి సమకూర్చినదెవరు అని విచారింపవలెననియు చెప్పినది. అలీగఢ్ విషయంలో తుది నిర్ణయాన్ని వేరొక ధర్మాసనానికి వదలినది. ఒక్క క్రియాపదానికి అర్థం తేల్చుటకు అర్ధశతాబ్దం దాటినది!

ఇందుండి మనం గ్రహింపవలసినది ఒకటి కలదు. ‘వాజ్ ఫౌండెడ్’ అనిన వాక్యంలో కర్త దాగిపోవును. తెలుగుకు ఆ కర్మణి ప్రయోగం సహజం కాదు. స్థాపించినాడన్న వెంటనే ఎవరు అని మన భాష అడుగుతుంది. మన సంస్థల చరిత్రలు ఆంగ్ల ఫక్కీలో ‘ఫలానా ఏట స్థాపింపబడినది’ అని ముగియుచున్నవి. మొదట ఆలోచించినదెవరు, ఇంటింటికి తిరిగి చందా పోగుచేసినదెవరు, నేల ఇచ్చినదెవరు అను విషయాలు పెద్దల జ్ఞాపకాలలోనే మిగిలి, వారితోనే మట్టిలో కలిసిపోవుచున్నవి. పని జరిగినది గదా, పేర్లెందుకని కొందరందురు. దాతలకు కీర్తి మీద కోరిక లేకపోవచ్చును. అది వారి గొప్పతనం. కాని న్యాయస్థానం అడిగేది వినయాన్ని గాదు, తీర్మానాల పుస్తకాన్ని, రశీదును, దానపత్రాన్ని.

అట్లని పరుల పుణ్యాన్ని మన ఖాతాలో వ్రాసుకొనుట కూడ తగదు. 2016 నుండి మన రాష్ట్రంలో నడుస్తున్న మైనారిటీ గురుకులాలు మన పిల్లలకు మేలు చేయుచున్నవి. కాని వాటిని స్థాపించినది ప్రభుత్వం. మన కొరకు స్థాపించుట వేరు, మనము స్థాపించుట వేరు. ఈ భేదం తెలిసినవాడే రెండింటికీ తగిన కృతజ్ఞత చూపగలడు.

కావున విద్యార్థులకు మా సూచన ఇది. ఈ సెలవులలో మీ ఊరి పాఠశాల, మదరసా, గ్రంథాలయం, ఏదో ఒకదాని పుట్టుకను పెద్దల నడిగి వ్రాయుడు. తెలుగులోనైనను, ఉర్దూలోనైనను, ఆంగ్లంలోనైనను సరియే. ప్రతి వాక్యంలో కర్త ఉండవలెను. ‘ఫౌండెడ్’ అని సరిగా వ్రాయుటతో సగం పనియే అయినది. ఎవరు అన్నది కూడ వ్రాసిననే అది పూర్తి యగును.