చీము పట్టని పుండు

కాలిలో ముల్లు విరిగితే రెండు మూడు రోజుల్లో ఆ చోటు ఎర్రబడి, వాచి, చీము పడుతుంది. చీమంటే మనకు రోత. కాని అందులో ఎక్కువ భాగం క్రిములతో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాలే. వేగంగా పారే రక్తంలో పోతున్న ఈ కణాలు సరిగ్గా ముల్లు విరిగిన చోటనే ఎలా ఆగుతాయి?

వాటిని ఆపేది ఒక రకం చక్కెర. టీలో వేసుకునే పంచదార కాదు లెండి. మన కణాల పైపొర మీద రకరకాల చక్కెరలు గొలుసులుగా అతుక్కుని ఉంటాయి. వాటిని గుర్తుపట్టి పట్టుకునే మాంసకృత్తులకు లెక్టిన్లని పేరు. చిక్కుడు జాతి గింజల్లోనూ ఇవి ఉన్నాయి. ఆముదపు గింజలోని రైసిన్ అనే విషం కూడా ఈ కోవలోదే, పిల్లలకు ఆ గింజలు అందనివ్వకండి.

మన రక్తనాళాల లోపలి గోడకుండే లెక్టిన్లు సెలెక్టిన్లు. గాయమైన చోట గోడ కొన్ని నిమిషాల్లో ఒక రకం సెలెక్టిన్‌ను పైకి తెస్తుంది, కొన్ని గంటల్లో మరో రకాన్ని తయారుచేస్తుంది. ఇవి తెల్లకణం మీది చక్కెరను పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. దాంతో కణం వేగం తగ్గి గోడ వెంబడి దొర్లుతుంది. ఆ పట్టు బ్రేకు మాత్రమే కాదు, కణం లోపలికి వెళ్ళే కబురు కూడా. ఆ కబురుకు గోడ మీది మరికొన్ని రసాయనాల కబురు తోడై, కణానికున్న ఇంటెగ్రిన్లనే వేరే మాంసకృత్తులు మేల్కొంటాయి. అప్పుడు కణం గట్టిగా అతుక్కుని, గోడ సందుల్లోంచి గాయం వైపు దూరిపోతుంది.

ఆ చక్కెరే లేకపోతే ఏమవుతుందో 1992లో ఇజ్రాయేలు వైద్యులు వివరించిన ఇద్దరు బాలురను బట్టి తెలిసింది. వేర్వేరు కుటుంబాల పిల్లలు. మాటిమాటికి న్యుమోనియా, చెవిలో వాపు, చర్మం మీద పుండ్లు. చీము మాత్రం పట్టదు. చిత్రమేమంటే రక్తంలో తెల్లకణాలు మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ! ఆగని రైలు స్టేషన్ దాటిపోయినట్లు అవి గాయాన్ని దాటిపోతున్నాయి. ఇద్దరి రక్తమూ 1952లో మొదట బయటపడిన అరుదైన బొంబాయి గ్రూపు. అదే ఆధారమైంది. మామూలు రక్తం గ్రూపుల గుర్తులకూ, సెలెక్టిన్ పట్టుకునే గొలుసుకూ ఫ్యూకోజ్ అనే చక్కెర కావాలి. (మామూలు బొంబాయి గ్రూపు వారు కంగారుపడనక్కరలేదు. వారికి ఫ్యూకోజ్ లోపం ఆ గ్రూపు గుర్తు వరకే.)

1999లో జర్మనీలో ఇదే జబ్బున్న ఒక బాలుడికి నోటి ద్వారా ఫ్యూకోజ్ ఇచ్చారు. జ్వరాలు తగ్గాయి, తెల్లకణాల లెక్క మామూలుకు వచ్చింది. అయితే ఇజ్రాయేలు పిల్లలకు అదే మందు పనిచేయలేదు. కణం లోపల ఫ్యూకోజ్‌ను చేరవేసే మాంసకృత్తి దెబ్బతినడమే కారణమని 2001లో తేలింది. ఆ దెబ్బ అన్ని కుటుంబాల్లోనూ ఒకేలా ఉండదు.

లోపమున్న జన్యువు తల్లి నుండీ తండ్రి నుండీ కూడా వస్తేనే ఈ జబ్బు. కనుక మేనరికాల్లో ఇటువంటి వాటికి అవకాశం ఎక్కువ. బిడ్డకు తరచు ఇన్ఫెక్షన్లు వస్తూ, తెల్లకణాలు విపరీతంగా ఉండి, చీము పట్టకపోతే ఆ మూడు సంగతులూ కలిపి డాక్టరుగారితో చెప్పండి. మామూలు పరీక్షలో బొంబాయి గ్రూపు ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. విడిగా పరీక్షించమని అడగాలి.