ఆదాయం గడిలో ఎవరి పేరు?

పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడపిల్ల ఓటేస్తుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో మాత్రం ఆమె ఇంకా ఎవరో ఒకరి మనిషే. షెడ్యూల్డు కులాల విద్యార్థులకిచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం 2010లో సవరించిన నిబంధనలు చూడండి. తల్లిదండ్రుల ఆదాయం లెక్కించాలి. పెళ్ళయి ఉద్యోగం లేని విద్యార్థిని అయితే భర్త ఆదాయం లెక్కించాలి. మనువు వచ్చినా ఇందులో దిద్దేదేమీ ఉండదు.

అనంతపురం మెట్టపల్లెల్లో ఈ వాక్యం మరింత కఠినం. శెనక్కాయ పంట ఎండిన ఏడు కొడుకు చదువుకు ఎలాగో అప్పు పుడుతుంది, కూతురికి సంబంధం చూస్తారు. రెండేళ్ళకు ఆమె మళ్ళీ డిగ్రీలో చేరాలంటే భర్త ఆదాయ ధ్రువపత్రం కావాలి. అతను బెంగుళూరు పోయి తిరిగి రాకపోతే, కోర్టు కాగితం లేకుండానే విడిపోయి ఆమె పుట్టింట్లో ఉంటే, ఆ గడిలో ఏం రాయాలి?

బాధ్యత దగ్గరికొచ్చేసరికి తల్లి గుర్తొస్తుంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం జగనన్న విద్యాదీవెన ఫీజును తల్లుల ఖాతాల్లో వేసి, సాధికారత అంది. వారంలోగా కాలేజీకి కట్టే పని ఆమెది. ఏ కాలేజీ, ఏ కోర్సు అన్న నిర్ణయం ఎన్ని ఇళ్ళలో ఆమెది? తల్లులు కట్టడం లేదంటూ యాజమాన్యాలు హైకోర్టుకెళ్ళాయి. 2024లో వచ్చిన ప్రభుత్వం నేరుగా కాలేజీలకే ఇస్తామంది. చదువుకునే మనిషిని ఎవరూ అడగలేదు.

విడిగా బతుకుతున్న స్త్రీకి ఆమె సొంత ఆదాయమే లెక్క కావాలి. డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. ఇదేమీ అసాధ్యం కాదు: ఎస్సీ స్కాలర్‌షిప్‌లో తన 60 శాతం వాటాను విద్యార్థి ఖాతాకే పంపాలని 2020లో కేంద్రమే నిర్ణయించింది. కూతురి చేతికిస్తే తండ్రి లాక్కోడా అంటారు, మన సమావేశాల్లోనే. లాక్కోవచ్చు. ఆడవాళ్ళ కూలిడబ్బూ లాక్కుంటున్నారు. అందుకని ఆ కూలి మగవాడి చేతికే ఇవ్వమని మనమెప్పుడైనా అడిగామా?