ఇంగ్లీషు 'వే', తెలుగు 'కొని'

పై తరగతుల విద్యార్థుల అనువాద పుస్తకములు దిద్దునప్పుడు ఏటేట మాకు తప్పక కనబడు వాక్యమొకటి కలదు. "హి ఎల్బోడ్ హిజ్ వే త్రూ ది క్రౌడ్" అనుదానికి "అతడు గుంపుగుండా తన దారిని మోచేసెను" అని వ్రాయుదురు. దిద్దువారు నవ్వుకొని, ఎఱ్ఱసిరాతో గీత గీసి, ప్రక్కన "జాతీయము, కంఠస్థము చేయుము" అని వ్రాసి ముందునకు సాగుదురు. విద్యార్థుల 'మోచేయుట' కంటె ఈ కంఠస్థము చేయుమను సలహాయే మాకు ఎక్కువ అభ్యంతరకరముగా తోచుచున్నది. ఇది జాతీయము కాదు, వాక్యనిర్మాణము. జాతీయమును వల్లెవేయక తప్పదు. నిర్మాణమునో, ఒక్కసారి తెలిసికొన్నవాడు నూఱు వాక్యములు తానే కట్టుకొనగలడు.

ఆ నిర్మాణ మెట్టిదనగా: మొదట కర్తయు క్రియయు, పిదప ఆ కర్తకే చెందిన షష్ఠీరూపము, అటుపైని 'వే' అను నామము, తుదకు చలనమును తెలుపు 'ఇన్‌టు', 'త్రూ', 'అవుట్ ఆఫ్', 'అప్' మొదలగు వానిలో నొకటి. క్రియాస్థానమున 'పుష్' ఉండవచ్చును, 'ఫైట్' ఉండవచ్చును, 'బెగ్' ఉండవచ్చును. మోచేయి అను అర్థముగల 'ఎల్బో', పురుగను అర్థముగల 'వార్మ్' సైతము అచ్చట క్రియలై కూర్చుండును. చిత్రమేమనగా, పోవుట, వచ్చుట అను అర్థముగల క్రియ వాక్యమున నొక్కటియు లేదు. అయినను మనుష్యుడు కదలినాడు, గుంపు దాటినాడు. ఈ కదలిక ఎచ్చటనుండి వచ్చినది? అమెరికా భాషాశాస్త్రజ్ఞులు దీనిని శ్రద్ధతో విచారించిరి. 1995లో వెలువడిన తన గ్రంథమున అడెల్ గోల్డ్‌బర్గ్ దీనికొక అధ్యాయమునే కేటాయించి, ఆ యర్థము ఏ యొక్క పదమునందును గాక నిర్మాణమునందే యున్నదని వాదించెను. పదమునకు పదము పెట్టి అనువదించు బాలుడు 'మోచేసెను' అనుటలో వింత యేమున్నది? అతడు వెదకుచున్న అర్థము ఏ పదము క్రిందను లేదు గదా!

షష్ఠీరూపము విషయమున మన పిల్లలు పడు చిక్కు వేఱు. గైడు పుస్తకములలో "మేక్ వన్స్ వే" అని అచ్చువేయుదురు. దానిని యథాతథముగ వల్లించిన బాలుడు "ఐ మేడ్ వన్స్ వే టు ది స్కూల్" అని వ్రాయును. మఱియొకడు 'హిజ్' అను రూపమునే నేర్చి, "ది గర్ల్ మేడ్ హిజ్ వే" అని వ్రాయును. తెలుగున 'తన' అను నొక్క మాట అతనికి, ఆమెకు, దానికి గూడ సరిపోవును గనుక, కర్త మాఱినప్పుడెల్ల ఇంగ్లీషున నీ రూపము మాఱవలయునని పిల్లలకు తోచదు. శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మార్పుపట్టికలు ఇచ్చట ఉపయోగపడును గాని, ఒక్క జాగ్రత్త వలయును. కర్తలకొక గడి, షష్ఠీరూపములకొక గడి విడివిడిగా గీచినచో పిల్లలు "ఐ మేడ్ హర్ వే" అని కూర్తురు. కర్తను, షష్ఠిని ఒకే గడిలో జంటగా వ్రాయవలెను.

ఈ చిన్న రూపమును వదలిపెట్టిన నేమగునో చూడుడు. "ది డాక్టర్ మేడ్ హిజ్ వే త్రూ ది క్రౌడ్" అన్నచో వైద్యుడు దారి చేసికొని పోయెనని అర్థము. "ది క్రౌడ్ మేడ్ వే ఫర్ ది డాక్టర్" అన్నచో జనులు తప్పుకొని వైద్యునికి దారి యిచ్చిరని అర్థము. మొదటి వాక్యమున శ్రమ వైద్యునిది. రెండవదానిలో మర్యాద జనులది.

ఇక తెలుగును చూతము. తిరునాళ్లకు పోయివచ్చిన ముసలమ్మ ఇదే సంగతిని ఎట్లు చెప్పును? "జనమును తోసికొని లోనికి బోయినాడు" అనును. ఆమె ఇంగ్లీషు ఎఱుగదు. అయినను ఇంతకంటె మంచి అనువాదము మాకు దొరకలేదు. ఇంగ్లీషున ప్రధానక్రియయైన 'పుష్' ఇందు 'తోసి' అను అసమాపకక్రియ యైనది. ఇంగ్లీషున చిన్న మాటగా నున్న 'ఇన్‌టు' ఇందు 'లోనికి బోయినాడు' అని సమాపకక్రియతో గూడినది. అనగా ఒక భాషలో గద్దెమీద నున్నది రెండవదానిలో మెట్టుమీదికి దిగినది, మెట్టుమీదిది గద్దె నెక్కినది. చలనమార్గమును కొన్ని భాషలు క్రియలో నిముడ్చుననియు, కొన్ని క్రియకు వెలుపల నుంచుననియు లెనర్డ్ టాల్మీ 1985లో విస్తరించి చూపెను. తెలుగు ఈ విషయమున మొదటి తెగకే దగ్గఱగా నున్నదని మా యభిప్రాయము. ఎక్కు, దిగు, దాటు, చొచ్చు, వెడలు అను మన క్రియలను చూడుడు. మార్గమంతయు వానిలోనే యున్నది.

మఱి 'హిజ్ వే' ఏమైనది? అది ఎచ్చటికిని పోలేదు. 'తోసికొని' అనుదానిలోని 'కొని' అదియే. తోసి పోవుట వేఱు, తోసికొని పోవుట వేఱు. ఆ పని తనకొఱకు చేసికొన్నాడని 'కొను' తెలుపును. గోదావరి పాపికొండలను చీల్చుకొని పోవుచున్నది అన్నప్పుడు, ఇంగ్లీషువాడు 'ఇట్స్ వే' అని రెండు మాటలతో తెచ్చిన భావమును మనము 'కొని' అను చిన్న ప్రత్యయప్రాయముతో తెచ్చితిమి.

ఇంతకంటె సూక్ష్మమైన సంగతి మఱియొకటి. "హి బ్రైబ్డ్ హిజ్ వే ఇన్‌టు ఆఫీస్" అన్నచో లంచము పదవికి సాధనము. "హి విజిల్డ్ హిజ్ వే హోమ్" అన్నచో ఈల సాధనము కాదు, నడకకు తోడు మాత్రమే. ఇంగ్లీషున రెండు వాక్యముల ఆకారము నొక్కటియే. భేదమును చదువరియే ఊహించుకొనవలెను. తెలుగున "లంచములిచ్చి పదవిలో ప్రవేశించెను" అనియు, "ఈల వేయుచు ఇంటికి బోయెను" అనియు చెప్పక తప్పదు. మొదటిది క్త్వార్థకము, రెండవది శత్రర్థకము. చిన్నయసూరి వ్యాకరణము చదువునప్పుడు ఈ పేరులు వినియే పెదవి విఱచు పిల్లలకు వాని ప్రయోజనము ఇంగ్లీషు గంటలో చూపవచ్చును.

కొన్ని యేండ్ల క్రిందట ఒక బాలిక పరీక్షలో "జనమును తోసికొని లోనికి బోయెను" అని వ్రాసెను. దిద్దినవారు 'వే' అను మాటకు అర్థము వ్రాయలేదని అర మార్కు తగ్గించిరి. ఆ బాలిక కాగితమును ఇంటికి తీసికొనిపోయి తల్లికి చదివి వినిపింపగా, ఆమె "ఇది మనము మాటాడుకొన్నట్లే యున్నది గదమ్మా, అందుకే తప్పయినదేమో" అనెనట. అర మార్కు పోయినందుకు మాకంత చింత లేదు. ఆ తల్లి మాట మాత్రము మఱువలేకున్నాము. సరియైన తెలుగు తన నోట నున్నది గనుకనే అది తప్పై యుండునని ఒక తల్లి తలంచెనన్నచో, మన దిద్దుబాటు ఎట్టిదో విచారింపవలసియున్నది.

ప్రతి పదమునకు అర్థము వ్రాయనిచో విద్యార్థికి ఆ పదము తెలిసినదని యెట్లు నమ్ముదుమని కొందఱు మిత్రులు అడుగుచున్నారు. అది న్యాయమైన ప్రశ్నయే. కాని పదము తెలిసినదో లేదో పరీక్షించుటకు వేఱు ప్రశ్న వేయవచ్చును. అనువాదమును దానికి బలియీయ నక్కఱలేదు. అట్లని 'వే' కనబడినచోటనెల్ల 'దారి'ని తుడిచివేయుమని మేము చెప్పుటలేదు. "హి లాస్ట్ హిజ్ వే" అన్నచో దారి తప్పినాడు. అచ్చట నిజముగనే దారి యున్నది, చలనమును తెలుపు మాటయే లేదు. "హి పెయిడ్ హిజ్ వే" అన్నచో తన ఖర్చు తానే భరించెనని అర్థము. "షి ఆస్క్డ్ హర్ వే టు ది స్టేషన్" అన్నచో "దారి అడుగుకొనుచు స్టేషనుకు చేరెను" అని దారియు, 'కొను'యు రెండును వచ్చును.

మఱి "ది బాయ్ ఏట్ హిజ్ వే త్రూ ఎ బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్" అను వాక్యమును తొమ్మిదవ తరగతికిచ్చి చూచితిమి. ఒకడు "మామిడిపండ్ల బుట్టగుండా తినుచు నడచెను" అని వ్రాసెను. వెనుక బల్లమీది వాడు, ఎన్నడును నోరు తెఱువనివాడు, లేచి "బుట్టెడు మామిడిపండ్లను ఒక్కటి విడువక తినివేసినాడండీ" అనెను. ఆ వాక్యమునే నల్లబల్లమీద వ్రాయించితిమి.