ఫోను లాక్కుంటే జబ్బు నయమవుతుందా?

ఏలూరులో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ పిల్లల చదువు ప్రస్తావన వస్తే చాలు, ‘ఈ ఫోన్లే పిల్లల్ని పాడుచేస్తున్నాయి’ అన్న మాట వినిపిస్తుంది. వెంటనే తీర్పు కూడా వెలువడుతుంది: లాక్కోండి! కానీ ఎవరి చేతిలోది లాక్కుంటున్నాం? అర్ధరాత్రి దాకా ఆటల్లో, పందేల్లో మునిగిన కొడుకు ఫోను అతని దగ్గరే ఉంటుంది. ఇంటర్ చదివే కూతురి ఫోను మాత్రం బీరువాలోకి పోతుంది. దీన్ని క్రమశిక్షణ అనడానికి మేము సిద్ధంగా లేము. ఇది ఆమె చదువుకు వేసిన తాళం.

వ్యసనం లేదని మేము వాదించడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో డిజిటల్ ఆటల వ్యసనం కూడా ఉంది. అయితే అందులో చిక్కుకునేది ఎవరు? ఒంటరితనంతో, కుంగుబాటుతో బాధపడేవారికి ఎదుటి మనిషితో మాట్లాడటం కన్నా తెర మీది పలకరింపే క్షేమమనిపిస్తుందనీ, ఆ భావనే వాడకాన్ని అదుపు తప్పిస్తుందనీ అమెరికా పరిశోధకుడు స్కాట్ కాప్లన్ 2003లో ప్రతిపాదించాడు. కనుక విద్యార్థి ఇంటర్నెట్‌ను ఏమనుకుంటున్నాడో ముందు అడగాలి. గ్రంథాలయమనుకుంటే పని ముగించుకుని బయటికి రాగలడు. తలదాచుకునే చోటు అదొక్కటే అనుకుంటే ఎలా రాగలడు?

మరి మన పిల్లలకు వేరే చోటు ఏది? కొల్లేటి లంక గ్రామం నుంచి ఏలూరు కాలేజీకి వచ్చే అమ్మాయికి సాయంత్రం బస్సు అందుకోవాలన్న తొందరే తప్ప గ్రంథాలయంలో కూర్చునే తీరిక లేదు. చేపల చెరువు గట్టున కాపలా పాకలో తండ్రితో రాత్రి గడిపే కుర్రవాడికి ఫోనే కాలక్షేపం. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అందులో సీటుకు రాయవలసిన జేఈఈకీ, మైనారిటీ ఉపకార వేతనానికీ దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవాలి.

కేరళలో ఫహీమా షిరీన్ అనే డిగ్రీ విద్యార్థిని సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఫోను అప్పగించాలన్న హాస్టల్ నిబంధనను ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, రాజ్యాంగం 21వ అధికరణం కింది గోప్యత హక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కోర్టు తీర్పిచ్చింది. ఆమెను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. కోర్టు గుర్తించిన ఈ హక్కును మన ఇళ్లలో మనమే కాదంటామా? ‘ఇఖ్రా’ అన్న తొలి ఆజ్ఞ మగపిల్లలకు మాత్రమే వచ్చిందా?

పెద్దలకు మా విన్నపం: ఇంట్లో ఫోనుకు వేళలు పెట్టండి. అవి కొడుక్కీ, కూతురికీ, మీకూ ఒకటే కావాలి. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగా ఉండే షాదీఖానాలను పఠనమందిరాలుగా తెరవండి. ఆడపిల్లలకు ప్రత్యేక సమయం కేటాయించండి. ప్రభుత్వాన్ని మేము డిమాండ్ చేస్తున్నాం: మైనారిటీ హాస్టళ్లలో ఇంటర్నెట్‌తో పాటు మానసిక సలహాదారునీ నియమించండి. లంక గ్రామాలకు సాయంత్రం మరో బస్సు నడపండి. ఇవేవీ చేయకుండా ఫోను లాక్కోవడమంటే పిల్లల ఒంటరితనాన్ని వారికే వదిలేసి, చదువును మాత్రం తీసేసుకోవడమే.